లొట్టి వంచిన చేతులు

ఈ సంక్రాంతికి పరకాల దగ్గరి మా ఊరిలో, మా పాతింట్లో ఒక వైన్ సీసా తెరిచినం. ఇటలీది. పేరు బరోలో. పంట యేడు 2004. మేం గౌండ్లోళ్లం. తాత, బాపు ఇద్దరూ తాళ్లెక్కి కల్లు గీసి బతికినోళ్లు. పొద్దున దించిన లొట్టి పొద్దుగూకేసరికి పులిసిపోయే ఇంట్లో పుట్టిన. ఒక పండు రసం 21 ఏళ్లు సీసాలో కూసోని ఇంకా మంచిగైతదంటే నా చదువు నమ్మింది గానీ నాలుక నమ్మలేదు. భోగి నాడు రాత్రి నాలుక కూడా నమ్మింది.

సీసా తెచ్చింది మా అన్న కొడుకు. మొన్న మొన్ననే ఇటలీలోని తురిన్‌కు ఎమ్మెస్ చదవడానికి పోయిండు. అక్కడికి 60 కిలోమీటర్ల దూరంలో ఆల్బా అనే పట్నం, దాని చుట్టూ లాంగె గుట్టలు. అక్టోబర్‌లో ద్రాక్ష కోతకు మనుషులు కావాలంటే దోస్తులతో కలిసి సెర్రలుంగ దాల్బ అనే ఊరికి పోయిండు. ఒక ముసలాయన, ఆయన ఇద్దరు బిడ్డలు, 3 హెక్టార్ల తోట. మన లెక్కలో ఏడున్నర ఎకరాలు. కొమ్మ కత్తిరించేది వాళ్లే, పీపాలు కడిగేది వాళ్లే, సీసాలకు కాగితం అంటించేదీ వాళ్లే. ఆ పెద్దాయన తాత కాలంలో పండ్లను బండ్లకెత్తి ఆల్బా అంగట్లో వ్యాపారులకు అమ్ముకునేవాళ్లట, వాళ్లు ఎంతంటే అంతే ధర. సొంత పేరుతో సీసాలు నింపుడు ఆయన తండ్రితో మొదలైంది. చిన్నోడు ఇది చెప్తుంటే బాపు తలూపిండు. మా దగ్గర ముస్తాజరుల, అంటే కల్లు గుత్తేదారుల కాలం ఆయనకు యాదికొచ్చి ఉంటది. చెట్టెక్కేది ఒకడు, లెక్క రాసుకునేది ఇంకొకడు.

కోత అయిపోయిన నాడు అందరికీ అన్నం పెట్టి, ఒక్కొక్కరి వయసు అడిగి, మావోని కోసం నేలమాళిగలోకి దిగి ఈ సీసా తెచ్చిండట ఆ పెద్దాయన. నువ్వు పుట్టిన యేటి పంట, ఇంటికి పట్కపో అన్నడట. విమానంలో 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. లుంగీలో చుట్టి, దాని మీద స్వెటర్ చుట్టి డిసెంబర్‌లో తెచ్చిండు.

సీసా చేతికి రాంగనే నాకు వేడి బుగులు పట్టుకుంది. ఇసొంటి వైన్‌ను 12, 14 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, కదలకుండా ఉంచాలె. హన్మకొండలో మేముండేది మూడో అంతస్తు, పైన ఎండ, కింద రోడ్డు. ఫ్రిజ్‌లో పెడితే మరీ చలి. ఊరికి పంపిన. పాతింటి మట్టిగోడలు మూరెడు మందం, వెనక అర్రలో వడ్ల గుమ్మి ఉంది. అవ్వ సీసాను వడ్లలో అడ్డంగా పండబెట్టి పైన గోనెసంచి కప్పింది. అడ్డంగానే ఎందుకని అడిగింది. బిరడా తడిగా ఉండాలె అవ్వా, ఎండితే సందులు పడి గాలి పోతది అని చెప్పిన. "బాలింతను సూస్కున్నట్టు సూస్కోవాల్నా" అన్నది, నిజంగనే అట్లనే చూసుకుంది.

పండుగ రెండు రోజులుందనంగ ఫోన్ చేసి, సీసాను నిలబెట్టు అవ్వా, అడుగుకు మడ్డి దిగాలె అన్న. పక్కన మంచంలో పండుకున్న బాపు ఆ మాటకు లేచి కూసున్నడట. "దీనికి గూడ మడ్డి ఉంటదా?" అప్పటిదాకా ఆయనకది మనవడు తెచ్చిన ఫారిన్ సరుకు. మడ్డి ఉందనేసరికి ఇంటి సరుకైంది.

భోగి నాడు పొద్దుమాపు. జనవరి చలి, అర్రలో 18 డిగ్రీల దాకా ఉండొచ్చు. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలని పుస్తకాల్లో రాస్తరు. ఆ గది వాళ్ల రాతిగోడల గది, 16, 18 డిగ్రీలది. మన మే నెల గది కాదు. హైదరాబాద్‌లో ఒక పెండ్లిలో నాకు గోరువెచ్చని ఎర్ర వైన్ పోసిండ్లు, సగం కూడా తాగలేకపోయిన. అప్పటి సంది వైన్ అంటే అట్లనే ఉంటదనుకున్న. ఆ రోజు తప్పు వైన్‌ది కాదని ఇప్పుడు తెలిసింది.

ముసలి బిరడా మామూలు మరమేకుకు విరిగిపోతది. రెండు పలుచటి రేకులు బిరడాకు అటొకటి ఇటొకటి దింపి, మెల్లగ తిప్పుతూ లాగే పనిముట్టు తెప్పించిన. పైన నల్లగా, బూజు మరకతో ఉంది బిరడా. కింది అంచు ఎర్రగా నానింది. సగం దాకా వచ్చి ఆగింది. ఊపిరి బిగబట్టి ఇంకో రెండు చుట్లు తిప్పితే వచ్చేసింది, విరగకుండ. కొత్తగా కొన్న లీటరు కోనికల్ ఫ్లాస్కు పక్కన పెట్టుకున్న. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్త, వైన్ వంచుకునే గాజు కూజా కోసం వెతికే ఓపిక లేక సైన్సు సామాన్ల దుకాణంలో ఇది కొన్న. పని చక్కగా చేసింది.

ఇగ వంచాలె. మడ్డి కదలకుండా పైన తేటను ఫ్లాస్కులోకి దించాలె. సీసా మెడ కింద వెలుగు పెట్టి, మడ్డి గీత మెడ దాకా రాంగనే ఆపాలె. నా చేతులు వణుకుతున్నయి. బాపు చూసి, "ఇటియ్యి" అన్నడు.

ఆయనకు 74. కుడిచేతి బొటనవేలు మొదట్లో గీసకత్తి చేసిన పాత గాటు, అరచేతుల్లో మోకు రాసిన కాయలు 21 ఏళ్లైనా పోలే. ఎడమ చేత్తో సీసా అడుగు, కుడి చేత్తో భుజం పట్టుకున్నడు. నేను టార్చ్ పట్టిన. ఒక్కటే వంపు. మధ్యలో ఆపలే, లేపలే, చెయ్యి మార్చలే. దారం లెక్క సన్నగ, చప్పుడు లేకుండ దిగింది రసం. "నడుమ ఆపితిమా, తిరిగి మడ్డి లేస్తది బిడ్డా. లొట్టి వంచినా గంతే. చేతికి ముందే తెల్వాలె ఏడ ఆపాల్నో" అన్నడు. సీసా భుజం దగ్గర ముదురు రంగు పొగ లెక్క ఒక తీగ లేచింది. ఆపు అనడానికి నేను నోరు తెరిచేలోపు సీసా నిలువుగా అయిపోయింది. అడుగున రెండు వేళ్ల మందం మిగిలింది. ఫ్లాస్కులో ఉన్నది దీపం ముందు పెట్టి చూస్తే ఒక్క నలుసు లేదు.

తాగేముందు ఒక చుక్క నేల మీద వదిలిండు. సాక. ఎల్లమ్మ తల్లికి, కాటమయ్యకు. ఇటలీ ద్రాక్షరసం మా వాకిట్లో ఎర్రమట్టిలోకి ఇంకిపోయింది.

రంగు చూసి మా అన్న నీళ్లు కలిపిండ్లా అని అడిగిండు. ఎర్ర వైన్ అంటే అల్లనేరేడు రసం లెక్క నల్లగ ఉంటదనుకున్నడు. ఇది నడుమల మాణిక్యం రంగు, అంచుకు పోయేసరికి కాల్చిన ఇటుక రంగు, గిలాస వెనక పట్టిన వేలు కనపడేంత పలుచన. ఇది కల్తీ కాదు, ఆ ద్రాక్ష గుణమే అంత. దాని పేరు నెబ్బియోలో. ఇటాలియన్‌లో నెబ్బియా అంటే పొగమంచు. అది కోతకొచ్చే అక్టోబర్‌లో ఆ గుట్టల నడుమ పొద్దున పొద్దున మంచు నిండుతది, అందుకే ఆ పేరని చెప్తరు. తోలులో రంగు తక్కువ, టానిన్ మాత్రం మస్తు. టానిన్ అంటే మనకు తెలిసిన వగరే. ఆ అణువులు మన ఎంగిలిలోని ప్రొటీన్లను పట్టుకుంటయి, ఎంగిలి జారుడు పోయి నోరు బిగుసుకుంటది. ఏండ్లు గడిచినకొద్దీ అవి ఒకదానికొకటి, రంగు అణువులకూ అతుక్కుంటూ గొలుసులు పెంచుకుంటయి. బరువై కొన్ని అడుగుకు దిగుతయి. మడ్డి అదే. అందుకే ఏండ్లు పోయినకొద్దీ రంగు పలుచబడి ఇటుక రంగుకు తిరుగుతది, వగరు మెత్తబడుతది. ఈ పాఠం పిల్లలకు పాలిమర్ల దగ్గర చెప్పుకుంటూ వచ్చిన, గిలాసలో చూడడం ఇదే మొదలు.

వాసన చూడడానికి నేను గిలాస గిరగిర తిప్పిన. బాపు తిప్పలేదు. గిలాస మూతిని అరచేత్తో కాసేపు మూసి, చెయ్యి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నడు. కల్లు వాసన పట్టేటప్పుడు చిన్నప్పటి సంది ఆయన చేసేది అదే. నాకు మొదట తగిలింది గులాబీ, అయితే పచ్చిది కాదు. కాజీపేట దర్గాలో చాదర్ మీద కప్పిన గులాబీలు రెండో రోజుకు వాడి, ఊదు పొగ పట్టి ఉంటయి చూడండి, ఆ వాసన. దాని కింద కొత్తగా రోడ్డేసేటప్పటి తారు. బరోలోకు గులాబీ, తారు అనే రెండు వాసనలు చెప్తరని నాకు చదివి తెలుసు, ఆ రెండింటినీ వెతుక్కుంటూ పోయి ఉంటనేమో అని కొంచెంసేపు నన్ను నేను నమ్మలేదు. బాపు ఏమీ చదవలేదు. "డప్పు" అన్నడు. ఏంది బాపు? "డప్పును మంట మీద కాపుతరు గద. వేడెక్కిన తోలు. గదే వాసన." మళ్లీ ముక్కు పెడితే నాకూ అదే కనిపించింది, ఇప్పుడు అది పోతనే లేదు. అవ్వ పాత సందుగలో పట్టుచీర అన్నది, ఒక్క గుక్క తాగి మూతి ముడిచి పక్కన పెట్టేసింది.

మొదటి గుక్క నాకూ కష్టమే అయింది. పులుపు చింతచిగురంత, వగరు నాలుక అంచుల నుంచి చిగుళ్ల దాకా. "తంగేడు చెక్క నమిలినట్టున్నది" అన్నడు బాపు. ఎంత సరిగ్గా అన్నడంటే, తోళ్లు పదును పెట్టడానికి తంగేడు బెరడు వాడేది దానిలోని టానిన్ కోసమే. తర్వాత ఆయన గిలాస కింద పెట్టి, "జరసేపు ఆగనీయి. గాలి తాకలే దానికి" అన్నడు. ఇది నేను ఆయనకు చెప్పాలని చదివి పెట్టుకున్న మాట.

గంట ఆగినం. సకినాలు అయిపోయినయి, వదిన రొట్టెలు, నాటుకోడి కూర తెచ్చింది. ఆ గంటలో అది వేరే వస్తువైంది. వగరు పోలేదు, పట్టు విడిచింది. మూసిన పిడికిలి తెరిచినట్టు. నడుమ ఎండు రేగుపండు తీపి లాంటిదేదో వచ్చింది. తీపి కాదు నిజానికి, తీపి యాది. మింగినంక కూడా చాలాసేపు గొంతులో నిలబడ్డది. కోడికూర కొవ్వుతో తాగితే ఆ వగరు నోటిని కడిగినట్టు చేసింది. కారం ఎక్కువైన ముక్కతో మాత్రం కుదరలే, కారానికి టానిన్ తోడైతే నోరు మండుతది. రొట్టె, కొంచెం నెయ్యి, కోడి కార్జం ముక్క. దీనికి అవి చాలు.

అప్పుడు బాపు అన్న మాట నేను మర్చిపోను. "ఇది గట్టి నేలది. నీళ్లు పెట్టి పెంచిన చెట్టు గాదు."

ఎట్ల తెలుసు బాపు అంటే, "మెత్తటి నేల తాడు తొందరగ ఇస్తది, తొందరగ ఒడుస్తది. గట్టి నేలది మొదాలు మొండికేస్తది" అన్నడు. చిన్నోనికి వెంటనే ఫోన్ చేసిన. బరోలో పండే గుట్టల్లో పడమటి వైపు లా మొర్రా ఊరి నేలల వైన్ మెత్తగ, వాసన మీద పోతదని, తూర్పున సెర్రలుంగ నేలలు పాతవి, గట్టివని, అక్కడి వైన్ మెత్తబడడానికి ఎక్కువ ఏండ్లు పడుతదని వాళ్లకు ఆ ఇంట్లో చెప్పిండ్లట. తోటలు బతికేది వాన మీదనే అన్నడు. నేను ఆ సంగతి బాపుకు చెప్తే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలే. అడుగంగనే చెప్పిన గద అన్నట్టు చూసిండు.

చిన్నోడు ఇంకో సంగతి చెప్పిండు, నన్ను ఇప్పటిదాకా పట్టుకున్నది అదే. బరోలో అని రాసుకోవడానికి హక్కున్న ఊళ్లు 11. ఆ ఊళ్ల గుట్టలను తునకలుగా విడగొట్టి, ఒక్కో తునకకు ముత్తాతల నాటి నుంచి పిలుస్తున్న పేరునే చట్టంలో ఎక్కించిండ్లు. 2010 నుంచి అసొంటి పేర్లు, ఆ 11 ఊళ్ల పేర్లతో కలిపి, 181. రైతు తన సీసా మీద ఆ పేరు రాసుకుంటడు, వేరేవాడు రాసుకుంటే నేరం. కోసినంక వైన్ కనీసం 38 నెలలు ఆగాలె, అందులో 18 నెలలు చెక్క పీపాలో. మా సీసాలో ఉన్న 2004 పంట 2008 దాకా అంగట్లోకి రాలేదు. 2002లో రాళ్లవాన తోటలను కొట్టింది, 2003లో ఎండ మాడ్చింది, 2004 మాత్రం చల్లగ, నిదానంగ పండిన యేడు. ఇవన్నీ రాసి పెట్టి ఉన్నయి. గుట్ట పేరు, యేడు పేరు, ఇంటి పేరు.

బాపుకు తెలిసిన పేర్లు ఎక్కడున్నయి? వంకర తాడు. బాయికాడి పోతు. కవలల తాళ్లు, అందులో ఒకదాని కల్లు తియ్యన, రెండోదానిది ఎప్పుడూ కొంచెం ఉప్పన, రెండింటి మొదళ్లు ఒక్కటే. ఎండాకాలం పండుతాడు చిక్కగ వస్తది, పోతుతాడు తేలికగ, వాసనగ. చెరువుకట్ట తాడు వానొచ్చిన తెల్లారి సప్పగైతది. కండ్లు మూసి రేకలో పోస్తే ఏ చెట్టుదో చెప్పేటోడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు పందెం కట్టి నాలుగు లొట్లు మార్చి మార్చి పోసిన, నాలుగూ చెప్పిండు. ఆ చెట్లలో సగం ఇప్పుడు లేవు. చెరువుకట్ట అవతల వెంచర్ వేసిండ్లు, కవలల తాళ్లు ఉన్న చోట ప్లాట్ నంబర్ రాళ్లు పాతి ఉన్నయి.

చెట్లు పోవడం ఒక బాధైతే కల్లు పేరు పోవడం ఇంకో బాధ. చెట్లు లేని చోట చక్కెర నీళ్లలో అల్ప్రాజోలం అనే మత్తు మందు కలిపి కల్లని పోస్తున్నరు. తాగినోళ్లు దవాఖానల పాలైన వార్తలు మనం చదువుతనే ఉన్నం. మా ఊరికీ ఒకడు ఆ పొడి పొట్లాలు పట్టుకొచ్చి బాపును ఒప్పియ్య చూసిండు. బాపు ఆనాడు లొట్టి పగలగొట్టి మరీ పంపిండని అవ్వ చెప్తది. అక్కడా ఇసొంటిది జరిగింది. 1986లో ఆల్బా ఉన్న అదే పియెమోంతె ప్రాంతంలో చవక వైన్‌లో మెథనాల్ కలిపితే ఇటలీలో 20 మందికి పైగా చచ్చిపోయిండ్లు, ఎందరికో చూపు పోయింది. ఆ దెబ్బతో దేశమంతా వైన్ అమ్మకాలు పడిపోయినయి. నిజాయితీగా చేసే చిన్న ఇండ్లు కూడా ఆ మచ్చ మోసినయి, తర్వాత తనిఖీలు బిగించి, మంచి సరుకు మీద పేరు నిలబెట్టి మెల్లగ బయటపడ్డయి. మన కల్లుకు ఆ బయటపడే రోజు రావాలని నాకు గట్టిగ ఉంది. చెట్టు కల్లు ఎంత మంచి వస్తువో తెలిసినదాన్ని గనుక అంటున్న. చెట్టు మీద ఉండంగనే లొట్టిలోని ఈస్ట్ పని మొదలుపెడుతది, తీపి సారాయంగా మారుతుంటది, దాంతో పాటే లాక్టిక్ ఆమ్లం పుల్లదనం తెస్తది, మరునాటికి ఎసిటిక్ బ్యాక్టీరియా చేతికి చిక్కి సిర్కా అయితది. ఆ నడుమ ఉండే కొన్ని గంటలు ఒక మనిషి నోటికి అందాలంటే తెల్లారకముందే ఇంకో మనిషి చెట్టెక్కాలె.

రెండో గిలాస అప్పుడు బాపు సీసా చేతిలోకి తీసుకొని కాగితం మీది అంకెలు వేలితో తడిమిండు. అంకెలొక్కటే వస్తయి ఆయనకు. "రెండు వేల నాలుగు." కాసేపు ఏం మాట్లాడలే. "నేను పడ్డ యేడు" అన్నడు.

2004 ఎండాకాలం, వంకర తాడు మీది నుంచి. మోకు జారింది. తుంటి విరిగి ఐదు నెలలు మంచంలో ఉన్నడు, మళ్లీ చెట్టెక్కలేదు. అదే యేడు చిన్నోడు పుట్టిండు. ఆయన మంచంలో పండుకొని ఇంటి దూలాలు లెక్కపెడుతున్న ఆ నెలల్లోనే అక్కడ ఈ ద్రాక్ష పూత పూసి, కాయై, రంగు తిరిగింది. అక్టోబర్‌లో వాళ్లు కోసేనాటికి బాపు కర్ర పట్టుకొని వాకిలి దాకా నడిచిండు. ఆ మాట నేను పైకి అన్న. బాపు గిలాస దీపానికి ఎదురుగ పట్టి, "అయితే ఇది గూడ గన్ని దినాలు పండుకునే ఉన్నది" అన్నడు. అన్న లేచి వాకిట్లోకి పోయిండు.

మూడో వంతు మిగిలితే ఫ్లాస్కు మూతికి బిరడా పెట్టి గుమ్మి పక్కన పెట్టినం. మరునాడు పండుగ పూట పొద్దుమాపు తీసిన. 24 గంటల తర్వాత కల్లయితే మేకలు కూడా ముట్టవు. దీనికి గులాబీ తగ్గింది, మట్టి వాసన పెరిగింది, వగరు పూర్తిగ లొంగింది. నాకు మొదటి రోజుదే నచ్చింది. బాపుకు రెండో రోజుది. అడుగున మిగిలిన మడ్డిని పారబోయనియ్యలేదు ఆయన. సీసాతో సహా పట్టుకొని, కర్ర టకటకలాడిచ్చుకుంట వంకర తాడు కాడికి పోయి మొదట్లో పోసొచ్చిండు.

ఆ రాత్రి నేను ఇంటర్ పిల్లల రికార్డు పుస్తకం ఒకటి ఖాళీది తీసి, బాపు పక్కన కూసోని రాయడం మొదలుపెట్టిన. చెట్టు పేరు, ఎవరి చెల్క, ఏ నేల, ఏ కాలంలో ఎట్ల ఉంటది, ఇప్పుడుందా పోయిందా. ఒక్కో తాడు దగ్గర ఆయన నోరు కొంచెం కదిలేది, తాగుతున్నట్టు. 30 అయినయి. ముప్పై ఒకటో దాని రుచి చెప్పిండు, పొద్దున నిమ్మ తగిలినట్టు, పొద్దుమాపు వట్టి బియ్యం కడుగు లెక్క అని. పేరు మాత్రం ఎంతకూ రాలేదు. పంతులోళ్ల మామిడితోట ఎనుక ఉండేనని మూడుసార్లు అన్నడు. "గీత గీసి పెట్టు బిడ్డా, పేరుకు జాగ ఇడిసిపెట్టు. యాదికొచ్చినప్పుడు చెప్త" అని దుప్పటి కప్పుకున్నడు.

నిన్న పొద్దున 6 గంటలకు ఫోన్ చేసిండు. అది గుండ్రాతి తాడట.